ఎవరెవరు చూశారు

షార్ట్ బ్రేక్‌లో స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బా మూత తీస్తూ, ఇంకో చేత్తో తన వాట్సాప్ స్టేటస్ కింద ఉన్న కన్ను గుర్తును నొక్కింది సత్యభామ.

చూసినవాళ్ళు రెండొందల పైచిలుకు! అత్తింటివైపు, పుట్టింటివైపు అందరినీ కలిపినా అందులో సగం ఉండరే! వేలితో కిందికి జరుపుకుంటూ పోయింది. చిన్నత్త, నంజమ్మ పిన్ని, కోలారు మామ. బాగుంది. ఆ తర్వాత వరసగా మొదలయ్యాయి అసలు పేర్లు. "ఎయిత్ బి తేజస్ డాడీ." "ఎయిత్ బి హేమంత్ అమ్మ." "ఎయిత్ ఎ స్కూల్ బస్ పేరెంట్." ఆ పేర్లన్నీ ఆమె స్వహస్తాలతో ఫోన్‌లో రాసి పెట్టుకున్నవే. టీచరన్నాక పేరెంట్స్ నంబర్లు ఉండాలి కదా మరి!

సత్యభామ హూడిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ మిస్. ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కు క్లాస్ టీచర్. ఆ బి సెక్షన్లోనే ఆమె కూతురు ఆశ చదువుతోంది. ఇంట్లో అమ్మ, స్కూలు గేటు దాటితే మిస్. ఈ ఏర్పాటు తల్లీకూతుళ్ళిద్దరికీ బాగానే అలవాటైంది.

ఆశ పెద్దమనిషి అయి ఇంకా పక్షం తిరగలేదు. ఫంక్షనూ గింక్షనూ అంటే సత్యభామకు పెద్ద సరదా ఏం లేదు. కానీ అత్త కదిరమ్మ ఊరుకునే మనిషా? నగర్తపేటలో పుట్టి, నగర్తపేటలోనే మెట్టి, ఆ సందుల్లో ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా ముందు వరసలో కూర్చునే మనిషి. "ఏమప్పా, ఇంట్లో ఉండేదే ఒక ఆడబిడ్డ. దానికి ఆరతి చేయకుంటే నేను నలుగురిలో తలెత్తుకోని తిరగాల్నా వద్దా?" అని కొడుకును నిలదీసింది. మోహన్‌కుమార్ ఎప్పటిలాగే ఇటు తల్లికీ అటు పెళ్ళానికీ తలాడించి మెల్లగా జారుకున్నాడు. ఈ ఆదివారమే ఓణీల ఫంక్షన్ అని ఖాయమైపోయింది.

ఆశ ఏమీ పేచీ పెట్టలేదు. ఓణీ రంగు కూడా తానే ఎంచుకుంది. కానీ ఒక్క మాట మాత్రం అడిగింది.

"అమ్మా, స్కూల్లో ఎవ్వరికీ తెలీకూడదు. ఒక్కరికి కూడా. పోయినేడు టెన్త్ అక్కను ఎంత ఏడిపించారో నీకు తెలుసు కదా."

తెలియకపోవడమేం! ఆ పిల్ల ఫంక్షన్ ఫోటో ఒకటి ఎవరికో దొరికింది. దానికి దిక్కుమాలిన పాటొకటి తగిలించి, స్టిక్కర్లు చేసి, స్కూలంతా తిప్పారు. ఆ పిల్ల పరీక్షలు కూడా రాయకుండా టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ గొడవయ్యాకే ప్రిన్సిపాల్ దేవరాజ్ సార్, సోషల్ మీడియాలో ఎలా మెలగాలో పిల్లలకు నేర్పండి మేడమ్ అని వారానికో పీరియడ్ సత్యభామ నెత్తిన పెట్టాడు. అందుకే ఆశ అడగ్గానే, ఎవ్వరికీ తెలీనివ్వను, ఒట్టు అని కూతురి తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పింది.

మరి ఇంతకీ చేసిందేమిటి? నిన్న సాయంత్రం వంటింట్లో కుక్కర్ కూతలు పెడుతుంటే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిచే ఓపిక లేక, పిలుపు వీడియో స్టేటస్‌లో పెట్టేసింది. వీడియో అంటే అలాంటిలాంటిది కాదు. అత్తకు తెలిసిన షాపు వాళ్ళు చేసిచ్చారు. సన్నాయి మోగుతుంది, గులాబీ రేకులు రాలతాయి, నడుమ ఆశ ఫోటో వస్తుంది. కింద ఇంతింత అక్షరాలు: "మా ముద్దుల మనవరాలు చి॥ ఆశ పుష్పవతి అయిన శుభసందర్భంగా." పాత ఫోన్‌లో ఆమె స్టేటస్ చుట్టాలకు మాత్రమే కనపడేట్టు పెట్టుకుంది. మొన్న కొత్త ఫోన్ కొన్నాక ఆ ఏర్పాటు మళ్ళీ చేసుకోవాలన్న సంగతే ఆమెకు తట్టలేదు. ఊరందరి పిల్లలకూ నేర్పే మనిషికి!

గబగబా స్టేటస్ చెరిపేసింది. ఏం లాభం? రాత్రంతా అది ఇంటింటా ఫోన్లలో ఉంది. ట్యూషన్ నుంచి వచ్చాక అమ్మానాన్నల ఫోన్లు ఎవరి చేతుల్లో ఉంటాయో ఆమెకు తెలియదా? టిఫిన్ డబ్బా అలాగే మూసేసింది. ఒక్క మెతుకు దిగితే ఒట్టు.

ఇంతలో బెల్ మోగింది. థర్డ్ పీరియడ్, ఎయిత్ బి. ఈ వారం పాఠం: పోస్ట్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి.

క్లాసులోకి అడుగు పెట్టగానే సత్యభామ ముందు కూతురి ముఖం చూసింది. ఆశ పక్కపిల్లతో నవ్వుతూ ఏదో చెబుతోంది. హమ్మయ్య, దీనికింకా తెలీదు. ఆ తర్వాత ఒక్కొక్క ముఖమే వెతుక్కుంటూ పోయింది. వీడికి తెలుసా? ఈ పిల్లకు తెలుసా? తేజస్ ఎందుకలా కిటికీలోంచి చూస్తున్నాడు? వెనక బెంచీలో ఆ గుసగుసలేమిటి? ఎప్పుడూ లొడలొడ వాగే హేమంత్‌కుమార్ ఇవాళ తల ఎత్తడేం?

"చెప్పండి, ఒక ఫోటో పెట్టే ముందు మనల్ని మనం మొదట ఏం అడగాలి?" అంది.

"ఎవరెవరికి కనిపిస్తుందీ అని, మిస్!" అని క్లాసంతా అరిచింది. పోయిన వారం తాను నేర్పిందే.

"తర్వాత?"

ఆశ చెయ్యెత్తింది. వద్దు తల్లీ, నువ్వు వద్దు అని సత్యభామ మనసులో మొత్తుకుంది. కానీ ఎత్తిన చెయ్యి అదొక్కటే. లేపక తప్పలేదు.

"అది ఎవరి ఫోటో అని చూడాలి మిస్. తీసినవాళ్ళది కాదు, అందులో ఉన్నవాళ్ళది. వాళ్ళను అడక్కుండా పెట్టకూడదు. ఎంత దగ్గరివాళ్ళయినా సరే."

"వెరీ గుడ్" అంది సత్యభామ. ఆశ అమ్మ వైపు గర్వంగా చూసి కూర్చుంది. ఆ చూపు చూసేసరికి సత్యభామకు నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. సిగ్గుతో చచ్చిపోయింది మనిషి.

రెండో బెంచీలో ఇద్దరమ్మాయిలు కిసుక్కుమన్నారు. "ఏమిటా నవ్వు? లేవండి!" అని గద్దించింది. పాపం వాళ్ళు బిత్తరపోయారు. డెస్కు మీద పాకుతున్న పేడపురుగును చూసి నవ్వామని చూపించారు. పురుగు నిజంగానే ఉంది. కూర్చోమని చెప్పి బోర్డు వైపు తిరిగింది. ఇంకా సగం పీరియడ్ ఉంది. ఈ గండం ఇలా గట్టెక్కితే చాలు, లంచ్‌లో ఆశకు తానే చెప్పేస్తుంది. ఇంకెవరి నోటి నుంచీ వినకముందే, నెమ్మదిగా, నచ్చజెప్పి.

అప్పుడు హేమంత్‌కుమార్ చెయ్యెత్తాడు.

"మిస్, ఒక డౌట్."

"తర్వాత అడుగు."

"పొద్దున కూడా తర్వాత అనే అన్నారు మిస్. చిన్న డౌటే." వాడు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "ఒకరి గురించిన విషయం, వాళ్ళకు తెలీకుండా, వాళ్ళింట్లోవాళ్ళే స్టేటస్‌లో పెట్టేశారనుకోండి. అప్పుడు చూసినవాళ్ళు..."

"గెటవుట్!"

సత్యభామ ఈ స్కూల్లో ఏనాడూ అలా అరిచి ఎరగదు.

"నేనేం చేశాను మిస్?"

"ఎదురు మాట్లాడకు. బయటికి పో!"

వాడు ఆమె వంక ఒక్కసారి చూశాడు. ఇంకెవరి వైపూ చూడలేదు, ఆశ వైపు అసలే చూడలేదు. బెంచీలోంచి బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. సత్యభామ పాఠం కొనసాగించింది గానీ ఏం చెప్పిందో ఆమెకే తెలీదు. ఆశ కనుబొమలు ముడేసి తల్లినే చూస్తూ కూర్చుంది.

బెల్ మోగగానే బయటికొచ్చి చూస్తే వరండాలో హేమంత్ లేడు. దేవరాజ్ సార్ రౌండ్స్‌కు వచ్చి ఆఫీసుకు తీసుకెళ్ళారని ఆయా చిక్కమ్మ చెప్పింది. అదే సమయానికి చేతిలో ఫోన్ కూసింది. హేమంత్ వాళ్ళమ్మ మెసేజ్.

"మిస్, కంగ్రాట్స్. రాత్రే పేరెంట్స్ గ్రూపులో అందరికీ చెప్పి విష్ చేద్దామనుకున్నా. మావాడు ఒప్పుకుంటేనా! ఆశను అడక్కుండా నువ్వెట్లా పెడతావని నా మీదే జగడం. మిస్ పొరపాటున పెట్టినట్టుంది, పొద్దున్నే తీసేయమని చెప్తానన్నాడు. చెప్పినాడా మిస్?"

పొద్దున ప్రేయర్ దగ్గర వాడు తన చుట్టూ తిరిగింది సత్యభామకు గుర్తొచ్చింది. హాజరు పట్టీ తొందరలో తానే పో పో అని తోలేసింది. తాను నేర్పిన నాలుగు ముక్కలూ ఈ స్కూలు మొత్తంలో ఒక్కడు బుర్రకెక్కించుకున్నాడు. వాడినే క్లాసులోంచి గెంటింది. ఎంత పని చేసింది!

పరుగులాంటి నడకతో ఆఫీసుకు వెళ్ళింది. లోపల దేవరాజ్ సార్ టేబుల్ అవతల కుర్చీలో ఉన్నాడు. హేమంత్ ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాట్లాడినాను సార్. తప్పు నాదే" అంటున్నాడు వాడు.

"ఏం మాట్లాడినావు? ఎవరి గురించి?"

తలుపు దగ్గర సత్యభామను చూసి వాడు చూపు తిప్పుకున్నాడు.

"రండి మేడమ్, మంచి సమయానికి వచ్చినారు" అన్నాడు దేవరాజ్ సార్. "ఆ సోషల్ మీడియా పీరియడ్లోనే అల్లరి చేస్తే ఏమవుతుందో అసెంబ్లీలో అందరికీ చెప్పినాను. పోయినేడు ఇట్లాగే తేలిగ్గా తీసుకున్నాం, ఒక పిల్ల చదువు పోయింది. వీడు ఎవరి గురించి ఏం కూశాడో చెప్పండి. చెప్పకుంటే నేను వాళ్ళ నాన్నను పిలిపిస్తా, టీసీ ఇచ్చి పంపిస్తా."

"చిన్న సంగతి సార్. నేను చూసుకుంటాను" అంది సత్యభామ. ఆ మాట ఎంత చేతగానిదో అంటుండగానే ఆమెకు తెలిసిపోయింది.

"చిన్న సంగతికి పిల్లాణ్ణి బయటికి తోలతారా మేడమ్? మీరు?"

నిజం చెబితే ఆశ గుట్టు ఇక్కడ ఇంకొకరి ముందు బయటపడుతుంది. చెప్పకపోతే వీడి బతుకు మీదికొస్తుంది. హేమంత్ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు సన్నగా తల అడ్డంగా ఊపాడు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లాడు!

"మే ఐ కమిన్ సార్?"

తలుపు దగ్గర ఆశ. బి సెక్షన్ లీడర్ అదే. "సార్, హేమంత్ ఏమీ చేయలేదు. డౌట్ అడిగాడు అంతే. మేమందరం విన్నాం. మిస్, మీరైనా చెప్పండి సార్‌కు."

సత్యభామ నోరు తెరిచింది. వీడి తప్పు లేదు సార్, నాదే అని మొదలుపెట్టి మొత్తం చెప్పేయబోయింది. అంతలోనే ఆగింది. ఇది మళ్ళీ అదే పని కదా! దాని సంగతి దాన్ని అడక్కుండా మళ్ళీ తానే నలుగురిలో పెట్టేయడం కదా!

"సార్, ఒక్క రెండు నిమిషాలు. ఆశతో బయట మాట్లాడి వస్తాను" అని కూతురి చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకెళ్ళింది. నచ్చజెప్పడానికి మాటలు వెతికింది. ఒక్కటీ దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీ వీడియో స్టేటస్‌లో పెట్టాను. మన క్లాసు పేరెంట్స్ అందరికీ వెళ్ళిపోయింది. చూసుకోలేదు."

ఆశకు మొదట అర్థం కాలేదు. "ఏ వీడియో?" అంది. ఆ తర్వాత అర్థమైంది. ముఖంలో రక్తం మొత్తం ఎటో వెళ్ళిపోయింది.

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

"అంటే ఇందాక నేను... వాళ్ళందరి మధ్యా కూర్చుని, చెయ్యెత్తి, అలా అంతా చెప్పి..." ఆశ రెండు చేతులతోనూ ముఖం మూసుకుంది. "వాళ్ళంతా ఏమనుకున్నారో! నువ్వు నన్నెందుకు లేపావమ్మా? నీకు అప్పటికే తెలుసు కదా!"

సత్యభామకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఇప్పుడు ఏడవాల్సింది తాను కాదని ఎలాగో ఓర్చుకుంది.

"హేమంత్‌కు కూడా తెలుసా?"

"తెలుసు. వాళ్ళమ్మను గ్రూపులో పెట్టనివ్వలేదట. తీసేయమని నాకు చెప్పాలని పొద్దున్నుంచీ చూస్తున్నాడు."

"అది చెప్పబోతే బయటికి తోలావా?"

"నీకు తెలిసిపోతుందని భయమేసింది."

ఆశ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కింద గ్రౌండ్‌లో పీటీ సార్ విజిల్ ఊదుతున్నాడు. "లోపల నేను చెప్తానే, నువ్వు సరేనంటేనే" అంది సత్యభామ. "వద్దంటే ఇంకేదో ఒకటి చెప్పి వాణ్ణి విడిపిస్తా."

ఆశ చున్నీతో కళ్ళు తుడుచుకుని, తల్లిని దాటుకుని తానే ఆఫీసులోకి నడిచింది. సత్యభామ వెనకే పరుగెత్తింది.

"సార్, ఆదివారం నా ఓణీల ఫంక్షన్" అంది ఆశ, టేబుల్ ముందు నిలబడి. "ఆ వీడియో అమ్మ పొరపాటున అందరికీ పెట్టేసింది. హేమంత్ తీసేయమని అడగబోయాడు. అమ్మ భయపడి అరిచింది. అంతే సార్."

స్కూల్లో ఇంకొకరి ముందు ఆశ ఆమెను అమ్మ అనడం అదే మొదటిసారి. దేవరాజ్ సార్ ఏం చెయ్యాలో తోచక కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరేమ్మా, సరే. హేమంత్, నువ్వు క్లాసుకు పో" అన్నాడు.

"ఆగు హేమంత్" అంది సత్యభామ. "నీ తప్పేం లేదు. తప్పు నాది. నన్ను క్షమించు."

"పర్లేదు మిస్" అని వాడు బూట్ల వైపు చూస్తూ అన్నాడు. ఆశా వాడూ కలిసే క్లాసుకు వెళ్ళారు. ఆమె కోసం ఎవరూ ఆగలేదు.

సాయంత్రం స్కూటర్ మీద మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఇంటికి వస్తుంటే, రోజూ నడుం పట్టుకుని కూర్చునే పిల్ల ఇవాళ వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. మర్నాడు శనివారం కూడా ఆశ స్కూలుకు వెళ్ళింది. వెనక బెంచీలో ఎవడో సన్నాయి ఊదినట్టు నోటితో మొదలుపెట్టాడట. ఒకరిద్దరు నవ్వారట. ఆశ లేచి, నీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా అని అడిగితే ఊరుకున్నాడట. ఈ సంగతి ఆశ తల్లికి చెప్పలేదు. అవ్వకు చెప్పింది. కదిరమ్మ చెబితే సత్యభామకు తెలిసింది. సన్నాయి కన్నా అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఏ కష్టమొచ్చినా ముందు అమ్మ దగ్గరికి పరుగెత్తే పిల్ల!

"ఫంక్షన్ మానేద్దామా?" అని ఆ రోజు అందరూ ఉండగా అడిగింది సత్యభామ.

"ఎందుకు మానేది? నాకు ఓణీ కావాలి" అంది ఆశ. "అవ్వా, ఒక్కటే షరతు. హాల్లో ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. ఎవ్వరి చేతిలోనూ."

కదిరమ్మకు అలాంటి పని అప్పజెబితే ఇంకేమన్నా ఉందా! ఆదివారం పొద్దున్నే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, పూల బుట్ట ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "ఫోన్ ఈడ పెట్టి లోపలికి పోండప్పా. బిడ్డ మాట" అని ఒక్కొక్కరినీ ఆపింది. నంజమ్మ నొచ్చుకుంది. "ఏంది కదిరమ్మక్కా, మా పిల్లకు చూపించే దానికి ఒక్క పటమన్నా వద్దా?"

"మీ పిల్లను పిలుచుకోని రా, కళ్ళారా చూసి పోతుంది. నా మనవరాలేమన్నా ఎగ్జిబిషనా?" అంది కదిరమ్మ. నంజమ్మ గొణుక్కుంటూనే ఫోన్ బుట్టలో వేసింది. ఫోటోగ్రాఫర్ వస్తే అతన్ని కాఫీ ఇచ్చి వెనక్కి పంపారు. సత్యభామ వచ్చేసరికి మాత్రం ముసలామె చెయ్యి అడ్డం పెట్టలేదు. "నువ్వు తల్లివి. నీది పెట్టుకో. ఒక్క పటమన్నా ఉండాల కదప్పా ఇంట్లో" అని గొంతు తగ్గించి చెప్పింది.

లోపల ఆశ నారింజరంగు ఓణీలో కుర్చీలో కూర్చుని ఉంది. జడనిండా మల్లెలు, బుగ్గలకు పసుపు, పాదాలకు పారాణి. ముత్తైదువలు గంధం రాస్తుంటే చక్కిలిగిలి పుట్టి నవ్వు ఆపుకుంటోంది. ఎంత ముద్దుగా ఉందో చెప్పడానికి లేదు. ఈ నవ్వు, ఈ వయసు మళ్ళీ వస్తాయా? ఆమె చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోయింది. ఫోన్ బయటికి తీసింది. కెమెరా తెరిచింది.

తెరిచి ఆగింది. ముత్తైదువలు పక్కకు జరిగేదాకా ఉండి, కూతురి దగ్గరికి వెళ్ళి వంగింది.

"ఆశా, ఒక్కటే ఒక్కటి. నా కోసం. ఎవరికీ పంపను, ఎక్కడా పెట్టను. తీసుకోనా?"

ఆశ నవ్వు ఆగింది. తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నిజంగానే ఆలోచిస్తోంది పిల్ల. సత్యభామ ఫోన్ పట్టుకుని నిలబడింది. సరే అంటుంది, తప్పకుండా సరే అంటుంది అనుకుంది.

"వద్దమ్మా" అంది ఆశ.

సత్యభామ తలూపింది. గుమ్మం దాకా వెళ్ళి, అత్త ఒడిలో ఉన్న బుట్టలో తన ఫోన్ కూడా పెట్టేసి, గంధం గిన్నె పట్టుకున్న ఆడవాళ్ళ వెనక వరసలో నిలబడింది.